మూడో హోది

పోయిన వారం భాగంలో నన్ను నేనే పై బ్యాంకు మెట్ల మధ్యలో నిలబెట్టి ఆపేశాను. రంజాన్ మూడో రోజు, మిట్టమధ్యాహ్నం, చేతిలో నలభై ఒక్క మంది చనిపోయినవాళ్ళ పేర్లున్న కాగితం. కాళ్ళ కింద చెక్క మెట్లు తడిగా ఉన్నాయి. వాన లేదు. మెట్లు తుడిచే ఆవిడ పొద్దున్నే తుడిచి ఇంటికి వెళ్ళిపోయింది. తడి సంగతి తర్వాత చూద్దాంలే అనుకుని పైకెక్కాను. నేను అంకెల మనిషిని. అంకెల్లో పట్టనిదేదీ నన్ను భయపెట్టలేదని ఆ రోజు దాకా గొప్పగా చెప్పుకునేదాన్ని.

ఈ వారమే కథ చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మొంబాసా పాత ఊళ్ళో ఒకే మేడలో రెండు బ్యాంకులున్నాయి. రెండింటికీ యజమానులొకరే, వాళ్ళుండేది నైరోబీలో. కింద ఉన్నది మామూలు వడ్డీ బ్యాంకు. పైన ఉన్నది మా మతం ఒప్పుకునే బ్యాంకు. అక్కడ వడ్డీ లేదు. నీకు పడవో, కుట్టు మిషనో కావాలంటే బ్యాంకే దాన్ని కొని, తన చేతికి తెచ్చుకుని, ఇంత లాభమని నీ మొహానే చెప్పి, వాయిదాల మీద నీకు అమ్ముతుంది. జనం మాత్రం ఆ పెద్ద పేర్లన్నీ వదిలేసి కింద బ్యాంకు, పై బ్యాంకు అంటారు. మహమ్మారి తగ్గాక యజమానులు రెండింట్లో ఒకటి మూసేద్దామనుకున్నారు. ఆ రెండేళ్ళలో ఏది ఎలా నిలబడిందో పోల్చి చెప్పమని హెడ్డాఫీసులో నాకు అప్పజెప్పారు. నేను ఈ ఊరి పిల్లనే కదా అని. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి రిపోర్టు వెళ్ళాలి.

మహమ్మారికి ముందు కింద బ్యాంకులో నూటికి ఏడు అప్పులు మొండివి. తర్వాత అవి పదహారయ్యాయి. పై బ్యాంకులో ఎనిమిది ఉండేవి తొమ్మిదయ్యాయి, అంతే. ఆర్నెల్లు వాయిదాలు కట్టక్కర్లేదని రెండు బ్యాంకులూ చెప్పాయి. కింద ఆ ఆర్నెల్లూ వడ్డీ పెరుగుతూనే ఉంది. పైన ఒకసారి చెప్పిన ధర మళ్ళీ పెంచకూడదు కాబట్టి బాకీ ఎక్కడిదక్కడే ఆగింది, దాంతో పాటు లాభమూ సగానికి పడిపోయింది. ఇంతవరకూ ఎవరికైనా అర్థమయ్యే సంగతే. అర్థం కానిది ఆ జబ్బుతో పోయినవాళ్ళ లెక్క. కింద బ్యాంకులో అప్పు తీసుకున్నవాళ్ళు ముప్ఫై ఎనిమిది మంది పోయారు, ఇరవై తొమ్మిది అప్పులు ఆగిపోయాయి. పై బ్యాంకులో తీసుకున్నవాళ్ళు నలభై ఒక్క మంది పోయారు, ఒక్కరి వాయిదా కూడా ఆగలేదు. బతికున్నవాళ్ళు ఆలస్యం చేశారు గానీ పోయినవాళ్ళు ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యలేదు.

ఆ కాగితంలో పన్నెండో పేరు మా నాన్నది. షేబ్వానా. చేపల పడవ షేబ్వానా అంటే రేవు పక్కన అందరికీ తెలుసు.

"మేడమ్," అని మెట్ల కిందనుంచి ముతీసో పిలిచాడు. కింద బ్యాంకు మేనేజరు. నైరోబీ దారిలో ఏదో ఊరు అతనిది, రంజాన్‌తో పని లేదు, చేతిలో టీ కప్పు. "పైనోళ్ళనోసారి అడగండి. చచ్చిపోయినోళ్ళ చేత వాయిదాలెట్లా కట్టిస్తారో మాకూ నేర్పితే, ఈ మేడ మూసే పనుండదు గదా."

"అడుగుతాను. మీ టీ చల్లారిపోతోంది."

"మీ బాధ చూడలేక చల్లారిపోతోందిలెండి."

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే అతను సరదాకి అన్నది నేను రాత్రంతా పడుకోకుండా ఆలోచించిందే.

పైన హాలు ఖాళీగా ఉంది. మగవాళ్ళంతా మధ్యాహ్నం నమాజుకి మసీదుకెళ్ళారు. క్యాషియరు బీ జుహూరా ఒక్కతే కౌంటరు వెనక కూచుని నోట్లకి రబ్బరు బ్యాండ్లు వేస్తోంది. అరవై దాటిన మనిషి, బ్యాంకు తాళాలు కొంగు ముడిలోంచి ఏనాడూ తియ్యదు. నన్ను చూసి, "ఇవాళే వచ్చావా? తారీకు చూసుకోలేదా పిల్లా?" అంది.

"ఐదు. ఏం?"

ఆమె లోపలి గది వైపు గడ్డంతో చూపించింది.

లోపల ఉస్తాద్ బదావీ ఉన్నాడు, ఇవాళ మసీదుకి వెళ్ళలేదు. బ్యాంకు చేసే ప్రతి బేరం మతం ప్రకారం ఉందో లేదో చూసి సంతకం పెట్టే పెద్దమనిషి. నాన్న స్నేహితుడు. నాకు అలిఫ్, బే అక్షరాలు దిద్దించింది ఆయనే, తప్పు చదివితే చెవి మెలేసిందీ ఆయనే. ఆ చెవి ఇప్పటికీ ఆయన్ని చూడగానే వేడెక్కుతుంది. గదిలో ఓ మూల గోనెపట్టా కప్పిన పెద్ద వస్తువేదో ఉంది. ఆయన దానికి వీపు పెట్టకుండా, కుర్చీ పక్కకి తిప్పుకుని కూచున్నాడు.

కాగితం ఆయన ముందు పెట్టాను. "ఎవరు కడుతున్నారు ఉస్తాద్?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "నీకు చెప్పకుండా దాచేంత తెలివి నాకు లేదు తల్లీ. నేనే."

"మీరా?"

"దానాల పెట్టెలోంచి. వాయిదా ఆలస్యమైతే జరిమానా వేస్తాం కదా, ఆ డబ్బు బ్యాంకు తినకూడదు, దానానికే పోవాలి. మహమ్మారిలో ఆలస్యం చెయ్యనివాడెవడు? పెట్టె నిండిపోయింది. ఇంకోపక్క మనవాళ్ళు పోతున్నారు." ఆయన గొంతు తగ్గించాడు. "ఎట్లా పోయారో నువ్వు చూళ్ళేదు. తెల్ల గౌన్లు తొడుక్కున్నవాళ్ళు బండిలో తెచ్చి, గంటలో పూడ్చేసి పోయేవాళ్ళు. మమ్మల్ని కంచె దగ్గరే ఆపేసేవాళ్ళు. బాకీ పిలుపు లేదు హావా. ఒక్కరికి కూడా లేదు."

నా పేరు మ్వనహావా. ఈ ఊళ్ళో అందరికీ హావాని. బాకీ పిలుపంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. శవాన్ని లేపేముందు ఇంటి పెద్ద లేచి, ఈ మనిషి ఎవరికైనా బాకీ ఉంటే నా దగ్గరకి రండి, నేను తీరుస్తాను అని అందరి ముందూ అడుగుతాడు. అది అడగకుండా మట్టి వెయ్యరు. బాకీతో వెళ్ళినవాడికి అక్కడా శాంతి ఉండదని మా నమ్మకం. మా ఇంటి పెద్ద నేనే. మా అమ్మ ఎప్పుడో పోయింది, నాకు అన్నదమ్ముల్లేరు. మహమ్మారి మొదటి ఏడాది జూన్‌లో, నాన్న చనిపోయేనాటికి, నైరోబీనుంచి మొంబాసాకి దారులు మూసేశారు. ఆ పిలుపు నేను పిలవలేదు. అది తల్చుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

"అందుకని నలభై ఒక్క మంది బాకీలూ దానం డబ్బుతో కట్టేశారు."

"బాకీ తీర్చకుండానే పోయినవాడి బాకీ తీర్చడం కన్నా పెద్ద దానం ఏముంది?"

"దానమిచ్చింది మీ బ్యాంకే, పుచ్చుకున్నదీ మీ బ్యాంకే. నైరోబీవాళ్ళకి మాత్రం నూటికి తొమ్మిదే మొండివని చూపించారు. నిజానికి పదమూడు దాటతాయి. దీన్నేమంటారో తెలుసా ఉస్తాద్?"

"తెలుసు. జైలుకి కూడా పోతారనీ తెలుసు." ఆయన చేతులు బల్ల మీద పెట్టాడు. "రాయి. నేను చేసిందంతా రాయి. నలభై మంది పేర్లూ రాయి."

"నలభై ఒకటి."

"నలభై," అన్నాడాయన. "మీ నాన్నది మేం కట్టలేదు."

ఆ ఏడాది బ్యాంకే మాఫీ చేసి ఉంటుందిలే అనుకుని నాన్న ఖాతా సంగతి నేనెప్పుడూ అడగలేదు. అడిగితే ఏడవాల్సొస్తుందని అడగలేదు. మొన్న వాయిదాలు వరసగా జమ అయినట్టు చూసి బ్యాంకువాళ్ళ మాయ అనుకున్నాను.

"మరెవరు కట్టారు?"

"మొదట నువ్వే పంపిస్తున్నావనుకున్నాం. కూతురంటే ఇట్లా ఉండాలని బీ జుహూరా ఊరంతా చెప్పింది కూడా. నిన్ను చూసే మిగతా నలభై మందికీ నేను చెయ్యాలనుకున్నా. నిజం తల్లీ, నాకా ఆలోచన ఇచ్చింది మీ నాన్న ఖాతానే."

సిగ్గుతో నా మొహం కాలిపోయింది. నేను ఒక్క షిల్లింగు పంపలేదు.

బీ జుహూరా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో ఓ రేకు డబ్బా. దాంట్లోంచి రసీదులు తీసి ఒక్కొక్కటీ బల్ల మీద పరిచింది. మహమ్మారిలో జనం వరసలో నిలబడకుండా తలుపుకి ఓ కంత పెట్టి, దాని వెనక చెక్కపెట్టె బిగించారు. డబ్బు, పూర్తి చేసిన జమ రసీదు కవర్లో పెట్టి అందులో వేసి పోవచ్చు. నాన్న వాయిదాలన్నీ ఆ పెట్టెలోనే వచ్చాయి. ప్రతి నెలా ఐదో తారీకు, మధ్యాహ్నం నమాజుకి తలుపు వేసి వెళ్ళి వచ్చేలోపు.

ఇరవై ఒక్క రసీదులు. ఎండిన ఉప్పు పొర ఒకటి ప్రతిదాని అంచునా తెల్లగా ఉంది. కట్టినవారు అన్న చోట ప్రతిదాంట్లోనూ ఒకటే మాట, అరబ్బీ అక్షరాల్లో, మా పాతకాలపు ముసలివాళ్ళు రాసినట్టు. మ్వెన్యేవే. మా భాషలో దానికి అర్థం, తనే, స్వయంగా.

ఆ రాత నాన్నది. చివరి అక్షరం తోక పడవ అడుగులా వంచుతాడు. నా స్కూలు ప్రోగ్రెస్ కార్డుల మీద ఆ తోకని పన్నెండేళ్ళు చూశాను.

రసీదు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సొరచేప నూనె వాసన. పడవ చెక్కకి పూస్తారు. ఆ వాసన మా ఇంట్లో గోడలకి, దుప్పట్లకి, నాన్న చేసే అన్నానికి కూడా ఉండేది. చిన్నప్పుడు స్కూల్లో అందరూ ముక్కు మూసుకుంటే నేను నాన్న మీద విసుక్కునేదాన్ని.

"ఎవరో ఆటలాడుతున్నారు," అన్నాను. "ఎవరైనా రాత నేర్చుకోవచ్చు. లేకపోతే..."

"లేకపోతే జిన్ను, దయ్యం అంటావా?" అన్నాడు ఉస్తాద్. "నేనూ అట్లాగే అనుకున్నా. కానీ రంజాన్‌లో సైతాన్లని కట్టేస్తారని నీకు నేనే గదా చెప్పింది. పోయిన ఏడాది రంజాన్‌లో మే ఐదున చూద్దామని కాచుకున్నా. వాయిదా వచ్చింది. సొరనూనె వాసనతోనే వచ్చింది. అప్పుడు భయం పోయి, బాధ పట్టుకుంది."

"నేనొకసారి విన్నా," అంది బీ జుహూరా. ఆమె మమ్మల్ని చూడకుండా రసీదులు సర్దుతోంది. "నిరుడు జ్వరమొచ్చి మధ్యాహ్నం ఇక్కడే పడుకున్నా. తలుపవతల హోది అన్నారు. మళ్ళీ హోది అన్నారు. కరీబు అందామంటే నోరు పెగల్లేదు పిల్లా. తర్వాత కవరు పడ్డ చప్పుడు. ఆ రోజునుంచి ఐదో తారీకున నేనిక్కడ ఒంటరిగా ఉండను."

హోది అనకుండా మా ఊళ్ళో ఎవరూ ఎవరి గుమ్మంలోనూ కాలు పెట్టరు. లోపలినుంచి కరీబు, అంటే రండి అని వినపడాలి. మూడుసార్లు హోది అన్నా వినపడకపోతే వెనక్కి వెళ్ళిపోవాలి.

ఉస్తాద్ లేచి, మూలకి వెళ్ళి గోనెపట్టా తీశాడు. పడవ ఇంజను. కొత్తది. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. రెండేళ్ళ దుమ్ము.

"ఇది మీ నాన్నది. కాదు, మీ నాన్నది కాదు. అదే నీకు చెప్పాలి. నీ లెక్కల కోసం పాత ఫోన్ బేరాలన్నీ మళ్ళీ విన్నా పోయిన నెల. కర్ఫ్యూ రోజుల్లో జనాన్ని పిలిపించే వీల్లేక ఫోన్లోనే అమ్మకాలు చేశాం, అన్నీ రికార్డయ్యాయి. ఇది విను."

బల్ల మీద చిన్న మిషను మీట నొక్కాడు. గరగరమంది. తర్వాత నాన్న గొంతు.

"హోది, హోది."

"ఫోన్లో కూడా హోది ఏందయ్యా షేబ్వానా? ఆ మూడోది కూడా అనేసెయ్."

"మూడోది నీలాంటోడిది ఉస్తాద్. బాకీ వసూలుకొచ్చేటోడు తప్ప మూడోసారి ఎవడూ అనడు. నేను కొనుక్కునేటోణ్ణి, నాకు రెండు చాల్లే."

నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అది నాన్న జీవితమంతా చేసిన హాస్యం. పక్కింటికి వెళ్ళినా రెండుసార్లే అనేవాడు.

"ఇంజను రెండు లక్షల వెయ్యి ఆరువందలు. ఇరవై నాలుగు వాయిదాలు, నెలకి ఎనిమిది వేల నాలుగువందలు," అన్నాడు మిషన్లో ఉస్తాద్. "ఒప్పుకున్నానని అను."

"ఇంజన్ని నువ్వు చూశావా?"

"ఓడలో ఉంది. రేపో మాపో కిలిందినీ రేవులో దిగుద్ది."

"అంటే ఇంకా నీ చేతికి రాలేదన్నమాట. నీ దగ్గర లేంది నాకెట్లా అమ్ముతావయ్యా? నేను చదువుకోలేదు గానీ ఆమాత్రం తెలుసు నాకు."

"కర్ఫ్యూ టైమైపోతోంది షేబ్వానా. పోలీసులు కొడతారు. ఒప్పుకున్నానని ఒక్క మాట చెప్పు, ఇంటికి పోతా."

నాన్న నవ్వాడు. నవ్వు దగ్గయింది. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు. ఆగాక, "సరే, ఒప్పుకున్నా," అన్నాడు.

ఉస్తాద్ మిషను ఆపేశాడు. ఆయన కళ్ళనిండా నీళ్ళు. "జూన్ రెండున ఈ మాట. పదకొండున మీ నాన్న పోయాడు. ఇంజను బ్యాంకు చేతికొచ్చింది పందొమ్మిదిన. చేతికి రాని సరుకు అమ్మకూడదని ముప్ఫై ఏళ్ళు ఊరందరికీ పాఠం చెప్పినవాణ్ణి, పోలీసు దెబ్బకి భయపడి అమ్మేశా. ఆ బేరం చెల్లదు హావా. అసలు బేరమే జరగలేదు. మీ నాన్నకి బ్యాంకు దగ్గర బాకీ లేదు. ఏనాడూ లేదు. లేని బాకీకి ఇరవై ఒక్క నెలలుగా తిరుగుతున్నాడు ఆయన."

వచ్చిన కోపానికి ఆయన మీద అరిచేదాన్నే. రెండేళ్ళుగా మా నాన్న తడి కాళ్ళతో ఈ మెట్లెక్కుతున్నాడా, నీ కర్ఫ్యూ తొందర కోసం? కానీ ఆ పిలుపు పిలవాల్సింది నేను. పిలిచుంటే బాకీ సంగతి ఆనాడే తేలేది. ఇద్దరి తప్పూ ఆ ఇంజను పక్కనే ఉంది.

"ఏం చెయ్యాలి?" అన్నాను.

"బాకీ లేదని చెప్పాలి. వారసురాలివి నువ్వు, ఆ మాట నువ్వే చెప్పాలి. ఆయన హోది అన్నాక కరీబు అను. నాన్నా, నీకు బాకీ లేదు, వెళ్ళు అను. అంతే అను. ఇంకొక్క ముక్క ఎక్కువ అనొద్దు."

"ఎందుకు?"

"పోయినవాళ్ళతో బేరాలు పెట్టకూడదు, అందుకు."

బీ జుహూరా వెళ్ళి హాలు తలుపు గడియ వేసింది. వచ్చి నా పక్కన నిలబడి నా మోచెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి మంచులా ఉంది. ముగ్గురం ఆ కంత ఎదురుగా నిలబడ్డాం. వీధిలో ఒక్క అడుగు చప్పుడు లేదు. రంజాన్ మధ్యాహ్నం మా పాత ఊరు ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకుంటుంది. కిటికీలోంచి ఎండ కళ్ళు చెదిరేలా పడుతోంది. అంత వెలుతుర్లో భయపడటం నాకు చేతకాలేదు, అందుకే ఎక్కడ చూడాలో తెలియలేదు.

ముందు వాసన వచ్చింది. తర్వాత కింద మెట్టు కిర్రుమంది. ఒక్కో మెట్టూ ఎక్కుతున్నారు, తొందర లేకుండా, రోజంతా సముద్రం మీద ఉండి వచ్చిన మనిషిలా. తలుపు కింది సందులోంచి నీళ్ళు సన్నగా లోపలికి వచ్చి ఆగాయి.

"హోది."

బీ జుహూరా గోళ్ళు నా చేతిలో దిగాయి.

"హోది."

"కరీబు," అన్నాను. అనగలిగాను. "నాన్నా, నేను హావాని. నీకు బాకీ లేదు. ఆ బేరమే చెల్లలేదంట. నువ్వు హాయిగా వెళ్ళు నాన్నా."

తలుపవతల ఎవరో ఊపిరి వదిలినట్టయింది. నాకు ఏడుపు పొంగుకొచ్చింది. రెండేళ్ళ బరువు దిగిపోయినట్టనిపించింది. అక్కడితో ఆపేసి ఉంటే ఈ కథ ఇవాళే అయిపోయేది.

కానీ నేను అంకెల మనిషిని. సగం లెక్క చెప్పి ఊరుకోవడం నా వల్ల కాదు. నాన్నకి న్యాయం చెయ్యాలనుకున్నాను, ఈ ఒక్కసారైనా.

"నువ్వు కట్టింది ఇరవై ఒక్క వాయిదాలు నాన్నా," అన్నాను. ఉస్తాద్ వద్దన్నట్టు చెయ్యి ఎత్తడం కనిపించింది, అయినా ఆగలేదు. "లక్షా డెబ్భై ఆరు వేల నాలుగువందల షిల్లింగులు. నువ్వు మాకు బాకీ కాదు. మేమే నీకు బాకీ."

కవరు కంతలోంచి పడలేదు. అడుగులు వెనక్కి వెళ్ళలేదు. గుమ్మం కింది నీళ్ళు నా చెప్పుల దాకా వచ్చాయి.

"హోది," అంది నాన్న గొంతు, మూడోసారి.